ఐదు వేళ్లు ముడిస్తే

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు బడికి వెళ్లే రోజుల్లో. ఇంగ్లీషు మాటలు మాత్రం అంతకు చాలా ముందే, ఇబ్రహీంపట్నంలో మా ఎడ్ల కొట్టంలో, పేడ తీస్తూ విన్నాను.

రజాకార్ల గడబిడలో పట్నంలో చదువు ఆగిపోయి అన్న ఇంటికొచ్చాడు. పొద్దున్నే వాడకట్టు పిల్లలను కూర్చోబెట్టేవాడు. పలకలు లేవు కాబట్టి చేతులతో నేర్పాడు. ఒకటైతే ఒక వేలు లేపాలి. ఎక్కువైతే ఐదు వేళ్లూ ముడిచి పైకెత్తాలి. ఒక ఎద్దును చూపితే ‘ఆక్స్’, రెండింటినీ చూపితే ‘ఆక్సెన్’. పాదం ఫుట్, పాదాలు ఫీట్.

“నువ్వు గూడ అను జర,” అనేవాడు నాతో.

“నేనంటే పేడ నువ్వు దీస్తవా?” అంటే పిల్లలు పకపకా నవ్వేవారు.

పోలీసు యాక్షన్ తర్వాత రజాకార్లు పోయారు, కమ్యూనిస్టు సంఘపోళ్ల కోసం పోలీసుల వెతుకులాట మొదలైంది. పక్క ఊళ్లో పట్టుకుపోయిన ఒకతను ఇంకా తిరిగి రాలేదు.

“బంజెయ్యి బిడ్డా,” అని అమ్మ బతిమాలింది.

“ఎడ్ల పేర్లు జెప్తున్ననే. గదీ తప్పేనా?” అన్నాడు అన్న.

ఆ పొద్దున అన్న రెండెడ్లనూ చూపాడు. పిల్లలంతా పిడికిళ్లెత్తి “ఆక్సెన్!” అని అరిచారు. వాళ్ల వెనక గుమ్మంలో మద్రాసు వైపు జమేదారు, ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు.

సంఘపోళ్లు ఊరేగింపుల్లో ఎత్తేది ఆ పిడికిలే. అన్ని నెలలూ మాలో ఒక్కరికీ అది తట్టలేదు.

“పసిపిల్లలకి సంఘం దండం నేర్పుతున్నావురా?”

“ఇంగ్లీషు సార్. ఎక్కువున్నయని జెప్పెతందుకు...”

“పశువుల కొట్టంలో ఇంగ్లీషా?”

ఎద్దు పలుపుతోనే అన్న చేతులు కట్టేశారు. జమేదారు ముందు వరసలోని పిల్లను చెప్పమన్నాడు. ఆ పిల్ల నోట ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

నేను పేడగంప దించాను. ఒక ఎద్దును చూపి వేలు లేపి “ఆక్స్” అన్నాను. తర్వాత వేళ్లు ముడుచుకోలేదు. ముడిస్తే నన్నూ పట్టుకుపోతారు. ముడవకపోతే అన్న మాట అబద్ధమవుతుంది. ముడిచాను. “ఆక్సెన్.”

జమేదారు తన బూటు ముందుకు చాపాడు.

“ఫుట్.”

రెండోదీ చాపాడు.

“ఫీట్.” పేడ పిడికిలి అతని ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఒక పోలీసు నవ్వాడు. జమేదారు నవ్వలేదు. తన రెండు బూట్లనూ, నా పిడికిలినీ మార్చి మార్చి చూశాడు.

“విప్పండి వాణ్ణి,” అన్నాడు. వెళ్తూ అన్నవైపు తిరిగాడు. “ఇంకెవడైనా అయితే అడగడు. కాల్చేస్తాడు.”

మర్నాడు ఇద్దరే పిల్లలు వచ్చారు. అన్న మణికట్ల మీద పలుపు వాతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎడ్లను చూపి, అరచేయి తెరిచి ఎత్తాడు.

“ఇగ గిట్లనే,” అన్నాడు.

ఆ పలుపును అమ్మ అంతకు ముందే పొయ్యిలో పెట్టేసింది.