పల్చబడిన సీరం

ల్యాబులో అందరూ ఆమెను కుందేళ్ళమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకటే. మనిషి రక్తంలోని యాంటీబాడీ ప్రోటీన్‌ను శుద్ధి చేసి కుందేలుకు ఎక్కించడం, కొన్ని వారాలాగి దాని చెవి నరం నుంచి రక్తం తీసి సీరం వేరు చేయడం. ఆ సీరం వెతికే ప్రోటీన్‌ను తప్ప మరి దేన్నీ పట్టకూడదు. అందుకని అక్కర్లేనివాటిని పట్టే భాగాన్ని అందులోంచి తీసేయాలి. మరీ ఎక్కువ తీస్తే అసలుదే పల్చబడుతుంది. ఆ కొలత ఆమె చేతికి తెలుసు.

ఆ వేసవిలో సీరం త్వరగా కావాలని ఆసుపత్రి నుంచి ఒకటే ఒత్తిడి. కొత్త సీరాన్ని జబ్బున్నట్టు తెలిసిన రక్తంతో పరీక్షిస్తే, జెల్ పూసిన గాజు పలక మీద రావలసిన తెల్లగీత ఉందా లేదా అన్నట్టు వచ్చింది. మళ్ళీ చేయాలంటే మూడు రోజులు. సీరం వాడొచ్చని సంతకం పెట్టేసింది.

వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. "మీ బావకి నడుం నొప్పి తగ్గట్లేదే. రక్తం మీ దగ్గరికే పంపారట, కాస్త చూడు."

బావ ఫోన్ అందుకుని, "ఏమ్మా డాక్టరమ్మా, నా జాతకం కూడా కుందేలే చెప్పాలా?" అని నవ్వాడు.

ఆ కొత్త సీరంతోనే బావ రక్తం పరీక్షిస్తే పలక మీద తెల్లగీత రాలేదు. ఫోన్ చేసి, "ఏం లేదు బావా, హాయిగా ఉండు" అంది.

అయిదు నెలలకు, నీళ్ళ బకెట్ ఎత్తబోయి బావ కూలబడ్డాడు. వెన్నుపూస నలిగింది. ఎముక మజ్జలో క్యాన్సర్ అన్నారు. ఆమె ఫ్రీజర్‌లోని ఆయన నమూనా తీసి, అంతకుముందు తయారైన సీరంతో పరీక్షించింది. మర్నాడు పలకను వెలుతురుకు పట్టి చూస్తే, గీత సుద్దముక్కతో గీసినట్టుంది.

ల్యాబు పెద్దసారు పలకను తీసుకుని బల్ల మీద బోర్లించారు. "మిగిలిన సీసాలు పారేద్దాం. ఎవరికీ చెప్పకు."

"ఇంకో నలభై ముగ్గురికి ఇదే సీరం వాడాం సార్."

నలభై మూడు నమూనాలూ ఆమె మళ్ళీ పరీక్షించింది. ఇద్దరికి గీత వచ్చింది. తనే ఆసుపత్రికి ఉత్తరం రాసింది. ఒకామెకు వైద్యం మొదలైంది. రెండో ఆయన అప్పటికే పోయాడు.

అక్కకు చెబితే, అక్క ఏడవలేదు. "ఆయనకి మాత్రం చెప్పకు" అంది.

కానీ ఆయనే అడిగాడు. కాళ్ళు పడిపోయి మంచం మీద ఉన్నాడు. "అప్పుడే తెలిసుంటే నడిచేవాణ్ణట కదమ్మా?"

"అవును బావా. తప్పు నాదే."

ఆయన మెల్లగా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఆయన మళ్ళీ ఇటు తిరగలేదు.

ఆ చలికాలం దాటకుండానే బావ పోయాడు. ఆమె ఉద్యోగంలోనే ఉంది. ప్రతి సీరాన్నీ మూడేసిసార్లు పరీక్షిస్తుంది. అయినా సంతకం పెట్టాల్సిన కాగితం ముందు గంటలకొద్దీ అలాగే కూర్చుండిపోతుంది.