చాలదన్న ఉప్పు

ఇన్నేళ్ళు ఒక బరువును మోసినవాడు కాస్త తెలివైనవాడై ఉంటాడని మీరు అనుకోవచ్చు. నేను కాను. వంట నేర్పే బడిని టోపీ చూసి ఎంచుకున్నవాణ్ణి. బొంబాయిలో హోటలు వంట నేర్పే బడి ఒకటి ఉందనీ, అక్కడ చదివేవాళ్ళు పొడుగాటి తెల్లటోపీ పెట్టుకుంటారనీ మా చిన్నాయన చెప్పాడు. అంతే. అక్కడ ఏమి వండిస్తారో అడగనే లేదు.

మన రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిన కొత్తలు. ప్రొద్దుటూరులో ఒక భోజన హోటల్లో ఓబులేసూ నేనూ వంటపని చేసేవాళ్ళం. వాడిది జమ్మలమడుగు. ఇద్దరివీ గుడ్డు పేరెత్తితే నోరు కడుక్కోమనే ఇళ్ళు. వాడి చేతిలో ఉత్త చింతపండు పులుసైనా మర్యాదగా ఉండేది. నా చేతిలో నీళ్ళు కూడా అడుగంటేవి.

వాడి ముందు రెండు దారులున్నాయి. నాతోపాటు బొంబాయి. లేదా పులివెందులలో పెళ్ళివంటలు చేసే ఒక పెద్దాయన దగ్గర శిష్యరికం. మనసంతా బొంబాయి మీదే. అయినా నాకు నాలుగక్షరాలు ఎక్కువ వచ్చని, పొయ్యి ముందు చెమట తుడుచుకుంటూ నన్నడిగాడు.

"యాడ చేరేది మామా? నువ్వు యాడ అంటే ఆడ చేరతా."

నేను ఆలోచించకుండా అన్నానా? లేదు, ఆలోచించే అన్నాను. వాడు వస్తే ఆ బడిలో నేను ఎప్పటికీ వాడి వెనకే ఉంటాననీ, అందరూ వాడి పులుసే పోయించుకుంటారనీ, నా టోపీ ఎంత పొడుగున్నా నేను పొట్టిగానే మిగులుతాననీ, గరిటె తిప్పినంతసేపట్లో తేల్చుకున్నాను.

"బొంబాయి నీకొద్దప్పా. ఆడ మొదటినాడే కోడిని చేతికిస్తారంట. నువ్వే కోయాల."

"నేనా?"

"ఇంకెవరు? దానంతట అదే కోసుకుంటాదా?"

వాడు నవ్వలేదు. "మా యమ్మ ఇంట్లోకి రానీదు మామా." పొయ్యిలో కట్టె ఎగదోసి, "మరి నువ్వెట్ల పోతాండావు?"

"నేను కండ్లు మూసుకోని కోస్తాలే."

వాడు పులివెందులకు పోయాడు.

ఆ అబద్ధం నాకంటే ముందే బొంబాయి చేరి నాకోసం కాచుకుని ఉంది. మొదట గుడ్డు. తరవాత చేప. ఆపైన, నిజంగానే, కోడి. నేను కల్పించిందే అక్కడ పాఠం. కళ్ళు మూసుకున్నాను గానీ ముక్కు మూసుకోవడం మరిచాను. వంట నాకు వంటబట్టలేదు. టోపీ అక్కడే వదిలి, ఎర్రగుంట్లలో రైలు దిగి, నీళ్ళు పడలేదని ఊరంతా చెప్పుకుని, నూనెమిల్లులో గుమాస్తాగా చేరాను.

ఓబులేసు చేయి తిరిగిన వంటవాడయ్యాడు. ఎక్కడ కనిపించినా నా చేతులు పట్టుకునేవాడు. "నీ మాట విని బతికిపోయినా మామా." తిట్టి ఉంటే భరించేవాణ్ణి. నా మోసం వాడికి మేలు చేసింది గనక మోసం కాకుండా పోతుందా? నన్ను నేనే అడిగి అడిగి అలిసిపోయాను. ఒకసారి ఎటో చూస్తూ, "ఆ టోపీ బరువుంటాదా మామా?" అన్నాడు.

చివరికి జమ్మలమడుగులో ఒక పెళ్ళి. వంట వాడిది. నన్ను పొయ్యిల దగ్గరికి పిలిచాడు. గురువు నేర్పిన పద్ధతి ప్రకారం వాడు తన వంట తాను రుచి చూడడు. పొద్దున్నుంచి పొగలో, సెగలో ఉన్న నాలుకకు ఉప్పు సరిగ్గా తెలియదని, బయటినుంచి వచ్చినవాడి చేతిలో చుక్క వేసి అడుగుతాడు. ఆ వచ్చినవాడు ఏమంటే అదే ఖాయం. ఆ రోజు ఆ నాలుక నాది.

"నాకు దోవ చూపినోడు ఈయప్పే," అన్నాడు తన మనుషులతో. "మామా, ఉప్పు చూడు."

పులుసు. అరచేతిలో వెచ్చగా. నాలుక మీద పడగానే తెలిసింది. బొంబాయిలో అంత పెద్ద వంటగదిలో కూడా అలాంటిది తినలేదు. అది అంత బాగుండటం ఓర్చుకోలేకపోయాను. నా కసి ఎవరి మీద? వదిలేసి వచ్చిన టోపీ మీదా? నన్ను ఇంతగా నమ్మిన వాడి మీదా? ఇప్పటికీ తేలలేదు.

"చాల్లేదప్పా," అన్నాను.

వాడు మళ్ళీ అడగలేదు. దోసెడు ఉప్పు తీసి గుండిగలో వేశాడు.

విస్తళ్ళలో పులుసు అలాగే మిగిలిపోయింది. పెళ్ళివారు గొణిగారు. వాడు తలవంచుకుని, "నా చెయ్యే తప్పింది," అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నేను పందిరి గుంజ పక్కన నిలబడి అంతా చూశాను. నేను తీర్చుకున్న కసి అంతే, దోసెడు.

వాడికి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీకు చెబుతున్నాను, కొంచెం ఊపిరాడుతోంది.

ఆ పులుసులో ఉప్పు సరిగ్గానే ఉంది.