గమ్ము పట్టేదాకా

నిన్న అత్తాపూర్‌లో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి, ఊడిన కుర్చీ కాలు అతికించడానికి గమ్ము అడిగాను. "గిది తీస్కో అమ్మా, అయిదు నిమిషాలల్ల పట్టేస్తది," అన్నాడు దుకాణదారు. పాపం, మంచికే చెప్పాడు. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. జల్దీగా పట్టే గమ్ము మా కాపురానికి ఎప్పుడూ కలిసిరాలేదు.

ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజుల్లో శంషాబాద్‌లో ఒంటిగది కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పనికి తెల్లారకముందే పోయి మూడింటికి వచ్చేదాన్ని. మా ఆయన అక్కడే సరుకు దించే పనికి నాలుగింటికి బయల్దేరేవారు. ఆయన తిరిగొచ్చేసరికి నేను నిద్రలో, నేను వెళ్ళేసరికి ఆయన నిద్రలో. కాపురమంతా ఆ ఒక్క గంటలోనే. అందులోనూ ఆయన నోరు విప్పే రకం కాదు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి వడ్రంగం పిచ్చి పట్టింది. విమానాల్లో సామాను వచ్చిన పెట్టెల చెక్కలు పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరికేవి. రంపం పెడితే గదంతా ఏదో తెలియని దేశపు అడవి వాసన. మొదటి గూడును జల్దీ గమ్ముతో అతికించి గోడకు పెట్టారు. వారం తిరక్కుండానే అది మామిడికాయ తొక్కు జాడీతో సహా కింద పడింది. గమ్ము అమ్మిన ముసలాయన నవ్వి, "కట్టెకు గది పనికిరాదన్నా. తెల్ల గమ్ము రెండు దిక్కుల పల్చగ రాయి, మీద బరువు పెట్టు, అర్ధగంట కదలనియ్యకు," అని చెప్పి పంపాడట.

మా గదిలో బరువైన వస్తువంటే నేనొక్కదాన్నే. ఈసారి పీట చేసి, తెల్ల గమ్ము రాసి, "జర గీ పీట మీద కూసో," అన్నారు మా ఆయన. "ఏందయ్యా, నేనేమన్న బియ్యం బస్తానా?" అని దెబ్బలాడి మరీ కూర్చున్నాను. అంచుల్లోంచి పొంగిన గమ్మును తడిగుడ్డతో తుడుస్తూ, మహేశ్వరం దగ్గర అమ్ముకున్న చెలక భూమి గురించి, చనిపోయిన వాళ్ళమ్మ గురించి చెప్పుకొచ్చారు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆయన నోట అన్ని మాటలు నేను వినలేదు. తర్వాత వంట బల్ల, చెప్పుల పెట్టె. ఏది చేసినా నేను కూర్చోవలసిందే. పనిలో ఉన్నంతసేపూ మూడెప్పుడవుతుందా అని గడియారం చూసేదాన్ని.

ఓ రోజు ఆయన షికంజా కొనుక్కొచ్చారు, చెక్కల్ని బిగించి పట్టే ఇనుప పనిముట్టు. "ఇగ నీకు కూసునే తిప్పలు లేదు, జరసేపు పండుకో," అన్నారు ప్రేమగానే. ఇక ఆ అర్ధగంట పోయినట్టే. కూర్చుంటానని అడగడానికేమో సిగ్గు. మర్నాడు పనికి పోయేముందు దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. మధ్యాహ్నం అన్నం వండేది ఆయనే అన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టనే లేదు!

మూడింటికి పని దిగి వస్తుంటే దారిలో గుర్తొచ్చి, ఇంటికి పరుగున వచ్చి, డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. షికంజా అందులోనే ఉంది. కాకపోతే నేను ఊరికే పాతిపెట్టినదాన్ని పాత తువ్వాలలో చుట్టి, ఇంకా అడుక్కి తోసి ఉంది. వెనక్కి తిరిగితే ఆయన స్టూలు చెక్కకు గమ్ము రాస్తున్నారు.

"షికంజా యాడ పెట్టిన్నో, దొరుకుతలేదు. జర కూసో," అన్నారు తలెత్తకుండానే.

ఇప్పుడు పనులు మానేసి పొద్దస్తమానం ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. మాటలు మళ్ళీ తగ్గిపోయాయి. ఆ అర్ధగంటల మీద నాకెంత బెంగో చెప్పలేను. పొద్దు చాలని రోజుల్లోనే ఆయన నాకు ఎక్కువ దొరికారు.