నా నెత్తి మీద ఒట్టు

వాన పట్టిన రోజున మా ఇంట్లో ఇనుప పెట్టె తెరిస్తే గొర్రె వాసన వస్తుంది. పెట్టె అడుగున ఒక నల్ల కంబళి ఉంది. ఎన్నిసార్లు ఎండలో వేసినా, మడతల్లో ఎన్ని వేపాకులు పెట్టినా, గాలిలో కాస్త తేమ తగిలితే చాలు, తడిసిన బొచ్చు వాసన, దాని వెనకే పేడ, చొప్ప, బీడీ పొగ కలిసిన కొట్టం వాసన గదంతా పరుచుకుంటుంది. "ఇంకా ఎన్నాళ్ళు పెట్టుకుంటావత్తా దీన్ని, పురుగులు పడతాండాయి" అని కోడలు ఏటా అంటుంది. ఆమె మాట నిజమే. నేను మళ్ళీ మడిచి పెడతాను.

మా ఊరు నందికొట్కూరు నుంచి ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం. అవి కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. అక్కడ డేరాల్లో ఆఫీసులు పెట్టారని, వీధుల్లో లైట్లు వెలుగుతున్నాయని, మా నాయన అక్కడికి పోయి వచ్చినప్పుడల్లా తనే దగ్గరుండి పెట్టించినట్టు చెప్పేవాడు. రాష్ట్రం సంగతి అలా ఉండగా, మా ఊళ్ళో మేము ఉన్న ఒక్క వీధిని రెండు చేసుకుని కూర్చున్నాం. వీధికి పై కొసన మా ఇల్లు, కింది కొసన మా దాయాదుల ఇల్లు. పైయిల్లు, కిందిల్లు అనేవాళ్ళు. మొహర్రం నాడు పీర్లు మొదట ఎవరి గడప ముందు ఆగాలనే మాట మీద మొదలైంది గొడవ. పీర్లెత్తే సాహెబు "నాకెందుకప్పా మీ పంచాయితీ" అని మరుసటి ఏడు పీర్లను చావిడి దాటనివ్వలేదు, గొడవ మాత్రం దాటింది. రెండేళ్ళలో నలుగురు చచ్చిపోయారు, గడ్డివాములు తగలబడ్డాయి, వీధికి అడ్డంగా మనిషెత్తున తుమ్మకంప పడింది.

కంపకు అటువైపు మంచినీళ్ళ బావి, ఇటువైపు ఉప్పుబావి. ఆ రెండేళ్ళూ ఉప్పునీళ్ళే తాగాం. ఆ నీళ్ళలో కందిబేడలు ఎంతకీ ఉడికేవి కావు. మా జేజి పళ్ళు లేని నోట్లో బేడను అటూ ఇటూ తిప్పి తిప్పి, ఇంక లాభం లేదని గోడవారకు ఊసేది, కిందింటివాళ్ళను ఒక తిట్టు తిట్టి ఇంకో ముద్ద పెట్టుకునేది. ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద నాపబండలు కాలిపోతుంటే తడిపిన గోనెపట్టా పరుచుకుని అచ్చనగాయలాడేదాన్ని, ఒక్కదాన్నే, ఎందుకంటే నాతో ఆడే పిల్లలంతా కంపకు అవతల ఉండిపోయారు. చెనక్కాయలు పెరికే కాలంలో పచ్చి మన్ను వాసన అటూ ఇటూ ఒక్కటే వచ్చేది. మా మిద్దె ఎక్కితే వాళ్ళ మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు కనబడేవి, కొర్రలు దంచే రోకటి చప్పుడు వినబడేది, అది మా ఇంటి రోలో వాళ్ళ ఇంటి రోలో ఒక్కోసారి తెలిసేది కాదు. శత్రువులు కూడా కొర్రన్నమే తింటారా అని అమ్మనడిగి వీపు మీద ఒకటి తిన్నాను.

సుంకన్న మా జీతగాడు. జీతమంటే నెలనెలా చేతికి వచ్చేదనుకుంటారేమో ఇప్పటివాళ్ళు. సుంకన్న నాయన తన పెళ్ళికి మా ఇంట్లో దుడ్లు తీసుకున్నాడు, దానికి బదులు బతికినన్నాళ్ళు మా ఎద్దుల వెనక నడిచాడు; ఆయన పోయాక కొడుకులిద్దరూ, సుంకన్న, మద్దిలేటి, అదే ములుగర్ర పట్టుకున్నారు. ఉగాదికి జీతం ఏడు తిరుగుతుంది. ఆ ఉదయం జీతగాడు పాత కంబళిని ఉతికి, నాలుగు మడతలు పెట్టి మా అరుగు మీద ఉంచుతాడు. ఇంటి పెద్ద కొత్త కంబళి తెచ్చి అతని భుజాన వేస్తే ఇంకో ఏడు ఉండాలని అర్థం. వేయకుండా పాతదాన్ని లోపలికి తీసుకుపోతే బాకీ చెల్లిపోయి ఆ మనిషిని వదిలేసినట్టు. నేను పుట్టాక మా ఇంట్లో పాత కంబళి లోపలికి పోయింది లేదు.

రెండో ఏడు చలికాలంలో, చేలో జొన్న కంకి వేసినప్పుడు, కిందింటివాళ్ళు పైరు తగలబెడతారని పుకారు లేచింది. మా చిన్నాయన ఆ గొడవలోనే పోయి అప్పటికి ఆరు నెలలు, కావలికి పోవడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. ఒక ఉదయం ఇంటి పెద్ద, మా నాయన నాయన, జేజినాయన సుంకన్ననూ మద్దిలేటినీ అరుగు దగ్గరికి పిలిపించాడు. నేను అక్కడే అచ్చనగాయలాడుతున్నాను.

"చేని కాడికి పోండి. ఈ గలాట తీరిపోనీ, వచ్చే ఉగాదికి మీ కంబళ్ళు లోపలికి తీసుకుంటా" అన్నాడు.

మద్దిలేటి అన్న మొహం చూశాడు. సుంకన్న "నిజంగానా సామీ?" అన్నాడు.

జేజినాయన పక్కకు వంగి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "పాప మీద ఒట్టు."

ఆ చెయ్యి బరువుగా ఉంది, నశ్యం వాసన వేసింది. పైకి ఎగరేసిన రాయిని పట్టుకోలేకపోయాను.

జొన్న కోతకు రాకముందే మద్దిలేటిని మోసుకొచ్చారు. చిన్నాయనను తెచ్చినప్పుడు అరుగు మీద పడుకోబెట్టారు, మద్దిలేటిని కొట్టం ముందు పడుకోబెట్టారు. సుంకన్న తల్లి కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని మట్టి తుడుస్తూ ఉంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అందరమూ అన్నం తిన్నాం. ఏం కూరో కూడా నాకు గుర్తుంది, అలసంద కాయలు.

ఆ తర్వాత రెండు ఇళ్ళవాళ్ళకూ ఓపిక అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దమనుషులు వచ్చి చావిడిలో కూర్చున్నారు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. చచ్చినవాళ్ళు సమానంగా ఉంటే తప్ప రాజీ నిలవదనేది మా పక్కల పద్ధతి. కిందింటి పెద్దాయన లేచి, "మా పిల్లోళ్ళు ఇద్దరు పోయినారు. మీవాడు ఒకడే గదప్పా?" అన్నాడు.

"మద్దిలేటిని యాడ పెడతావు? వాడు మా ఇంటి మనిషి గాదా?" అన్నాడు జేజినాయన.

అందరూ ఔనన్నారు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. మహానంది కోనేటి నీళ్ళు తెప్పించి, ఒకే చెంబుతో రెండిళ్ళ పెద్దలూ తాగి, చేతిలో చెయ్యి వేసుకున్నారు. తుమ్మకంపను వీధిలోనే కాల్చారు. ఎండుకంప చిటపటలాడుతూ చాలాసేపు కాలింది, పిల్లలమంతా దాని చుట్టూ గంతులేశాం. మరుసటి రోజు మా ఇంటి ముందు పంక్తి భోజనం: మావాడొకడు, వాళ్ళవాడొకడు, మళ్ళీ మావాడొకడు, అలా వరసగా విస్తర్లు. ఓళిగల మీద నెయ్యి పోశారు. మంచినీళ్ళ పప్పు మెత్తగా ఉడికిందని జేజి మురిసిపోయింది. ఎవరో ఏదో అంటే పంక్తంతా నవ్వింది. చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, వంటింట్లో గోడవైపు తిరిగి చెనక్కాయలు ఒలుస్తూనే ఉంది, ఆ రోజు చెనక్కాయలతో ఎవరికీ పని లేదు. ఇంటి మనిషి మద్దిలేటి తల్లీ, సుంకన్నా పంక్తులన్నీ లేచాక కొట్టం దగ్గర సత్తుగిన్నెల్లో తిన్నారు. బావి ఇక అందరిదీ అన్నారు కానీ, ఆ తల్లి బిందె పట్టుకుని గట్టు కిందే నిలబడేది, ఎవరైనా తోడి పోసేదాకా.

ఉగాది వచ్చింది. సుంకన్న తెల్లారే వచ్చి కంబళి అరుగు మీద పెట్టాడు. జేజినాయన లోపలి నుంచి కొత్త కంబళి పట్టుకుని బయటికి వచ్చాడు. సుంకన్న భుజం ఇవ్వలేదు, రెండడుగులు వెనక్కి వేశాడు.

"సామీ, లోపలికి తీసుకుంటామంటిరి."

"ఎప్పుడంటి?"

"చేని కాడికి పొమ్మన్న పొద్దు. పాప మీద ఒట్టు పెడితిరి. పాప ఈన్నే ఉన్నింది, అడగండి సామీ."

అందరూ నావైపు తిరిగారు. నాయన, అమ్మ, పండగకని వచ్చిన కిందింటి పెద్దాయన. నాకు తొమ్మిదేళ్ళు, నోట్లో ఓళిగ ఉంది. జేజినాయన కోపంగా ఏమీ చూడలేదు, బడిలో ఎక్కం అడిగినట్టు అడిగాడు: "ఏం పాపా, నేను అట్లంటినా?"

అమ్మ నేలవైపు చూస్తోంది. ఓళిగ మింగాను.

"నాకు తెల్దు జేజినాయనా" అన్నాను.

జేజినాయన కొత్త కంబళి సుంకన్న భుజాన వేశాడు. సుంకన్న దాన్ని సర్దుకుని, ఎద్దులకు కుడితి పెట్టడానికి పోయాడు. పాత కంబళి ఎప్పటిలాగే దూడ కిందికి పరుపైంది.

ఆ సాయంత్రం అమ్మ ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఎందుకో చెప్పలేదు. ఒట్టు సంగతి తనకూ తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. ఒట్టు తప్పితే ఎవరి మీద పెట్టారో వాళ్ళకు మూడుతుందని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చావు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నాను. రోజూ నా నుదురు నేనే తాకి చూసుకునేదాన్ని. పది రోజులు, నెల, వానాకాలం. నాకు జ్వరం కూడా రాలేదు. సుంకన్న ఎప్పటిలాగే నన్ను బండెక్కించి బడికి తీసుకుపోయేవాడు, దారిలో రేగుపళ్ళు కోసి ఇచ్చేవాడు, నేను తినేదాన్ని. మొదట్లో భయమైనా ఉండేది. తర్వాత అది కూడా పోయింది. నాకు సిగ్గేసేది దానికే.

ఆ తర్వాత ఎన్నో ఉగాదులు. జేజినాయన పోయాడు, నన్ను రాయచోటికి ఇచ్చారు, నాయన ట్రాక్టరు కొన్నాడు. ట్రాక్టరు కొన్న మరుసటి ఉగాదికి నేను పుట్టింట్లో ఉన్నాను. ముందురోజు అకాల వాన పడింది. వీపు వంగిపోయిన సుంకన్న వచ్చి, సగం ఆరిన కంబళిని నాలుగు మడతలు పెట్టి అరుగు మీద ఉంచి నిలబడ్డాడు. నాయన ఆ ఏడు కొత్త కంబళి కొననే లేదు. ఎద్దులే లేవు, ఇంక జీతగాడెందుకు? ఆ మాట చెప్పడానికి ఆయన బయటికి రాలేదు. నేను వచ్చాను.

"లోపలికి తీస్కపో పాపా" అన్నాడు సుంకన్న.

రెండు చేతులతో ఎత్తుకున్నాను. తడి బరువు, గొర్రె వాసన. అప్పుడు చెప్పాల్సింది, జేజినాయన అన్నాడు సుంకన్నా, నేను విన్నాను అని. కంబళితో అక్కడే నిలబడ్డాను. "ఎండలో నిలబడొద్దు, పో తల్లీ" అని అతనే అన్నాడు. కొట్టంవైపు ఒకసారి చూసి, వీధి వెంట దిగిపోయాడు. అతని భుజం మీద ఏమీ లేకుండా చూడటం నాకదే మొదలు.

ఇప్పుడు ఆ వీధికి సిమెంటు పోశారు. మంచినీళ్ళ బావిని పూడ్చి ట్యాంకు కట్టారు, కొర్రలు సూపర్ మార్కెట్లో అమ్ముతున్నారు, కంబళ్ళు నేసే ఇళ్ళకు తాళాలు పడ్డాయి. పైయింటి పిల్లలూ కిందింటి పిల్లలూ కర్నూల్లో కలిసి వ్యాపారం చేస్తున్నారు, ఆనాటి రాజీ గురించి పెళ్ళిళ్ళలో గొప్పగా చెప్పుకుంటారు. ఇద్దరికి ఇద్దరు, సరిగ్గా సరిపోయింది అంటారు. మద్దిలేటి పేరు వాళ్ళకు తెలియదు.

నన్నెవరైనా అడిగితే ఇప్పుడు తెలుసునని చెబుతాను. అడిగేవాళ్ళు లేరు. వాన వెలిశాక కంబళిని మిద్దె మీద ఆరేస్తాను, పొద్దు వాలాక నాలుగు మడతలు పెట్టి లోపలికి తీసుకుపోతాను.