ఫార్మలిన్‌లో వేసిన ముక్క

మొన్న బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి, కాఫీ గ్లాసు కడుగుతుండగా, మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. మాంసం ముక్కను బట్టి అది ఏ జంతువుదో తేల్చడం ఎమ్మెస్సీలో తన ప్రాజెక్టట. నేనూ ఒకప్పుడు అదే పని చేశానని వాళ్ళ నాన్న చెప్పాడట, జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పమంది. ముక్కను ఫార్మలిన్‌లో వేయొద్దని ఒక్కటే చెప్పాను. దాని వెనక ఏముందో చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, విజయవాడలో మేం ఆ పని మొదలుపెట్టినప్పుడు మాకున్నది ఒక పాత ఫ్రిజ్, అరువు తెచ్చుకున్న యంత్రం, మా మాస్టారి పట్టుదల. అడవి జంతువును చంపినవాణ్ణి పట్టించే సాక్ష్యమే చంపనివాణ్ణి విడిపిస్తుందని ఆయన అనేవారు. ఇంకో నియమం కూడా పెట్టారు: ఫలితం ఏదైనా, ఎవరి మీద కేసు ఉందో ఆ మనిషికి మేమే వెళ్ళి చెప్పాలి.

మాస్టారు ఊళ్ళో లేని ఒక శనివారం అటవీ శాఖ వాళ్ళు ఐసులో పెట్టిన ముక్క ఒకటి తెచ్చి ఇచ్చారు. హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సులో పట్టుకున్నారట, దుప్పి మాంసమని అనుమానమట, మిగతాది కుళ్ళిపోతే పూడ్చేశారట. పట్టుబడినది పామర్రులో మటన్ కొట్టు నడిపే సాయిబుగారు. పెళ్ళివారి కోసం తన మేకను కోసి తీసుకెళ్తున్నానని ఆయన మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. బెయిలు మీద బయటికొచ్చి, ముక్క వెనకే మా ల్యాబుకూ వచ్చారు. ఒక కాలు ఈడుస్తూ నడిచేవారు. "దుప్పి వెంటపడేంత పరుగే ఉంటే నాకీ కొట్టెందుకమ్మా?" అన్నారు. నవ్వాను.

ఆయన వెళ్ళగానే కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగిపోయింది. జువాలజీలో కప్పయినా, పామైనా, చేపైనా చేతికొచ్చిందల్లా ఫార్మలిన్ సీసాలో వేయడం అయిదేళ్ళుగా నాకలవాటు. ఇలాంటి నమూనాను స్పిరిట్లో ఉంచాలని మాస్టారు చెప్పే ఉంటారు. నా చెయ్యి వినలేదు. మాంసం పాడవకుండా కాపాడాననే అనుకుంటూ ఇంటికి వెళ్ళాను. గురువారం నాటికి ఆ ముక్క రబ్బరులా బిగిసిపోయింది, ఏ జంతువుదో చెప్పే డీఎన్ఏ లోపల చదవడానికి మిగల్లేదు. మూడుసార్లు చేసి చూశాం. మాస్టారు తిట్టలేదు, పామర్రు బస్సెక్కమన్నారు.

కొట్టు మూసి ఉంది. ఇంటి వసారాలో ఆయన, ఆయన భార్య నా మాట చివరిదాకా విన్నారు.

"అయితే మేక అని రాయరన్నమాట," అన్నారాయన.

"రాయలేమండీ. తప్పు నాదే."

"దుప్పి అని?"

"అదీ రాయలేమండీ."

"నేను చూస్తుండగానే కోశారమ్మా దాన్ని," అంది ఆవిడ. "చదువుకున్నదానివి, నీ మాటైతే వింటారు గదా."

ఆయన ఆవిణ్ణి వారించి, నాకు టీ పెట్టమన్నారు. ఆ టీ తాగి వచ్చాను.

జరిగింది జరిగినట్టే రాసి కోర్టుకు పంపాం. కేసు ఏళ్ళ తరబడి సాగింది, కొట్టు మళ్ళీ తెరవలేదు. తీర్పు రాకముందే ఆయన పోయారు. ముద్దాయి లేడు కాబట్టి కేసు మూసేశారు. నిర్దోషి అని ఎవరూ రాయలేదు. ఆ మాట రాయించగలిగే ఒకే ఒక్క ముక్క నా చేతికి వచ్చింది.

మాస్టారూ ఇప్పుడు లేరు. ల్యాబులు పెద్దవయ్యాయి, నా తప్పు ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లలు కూడా చేయరు. నివేదికలు సీలు వేసిన కవర్లలో నేరుగా కోర్టుకు వెళ్తాయి. ఆ మనిషి ఇంటికి వెళ్ళి చెప్పి రావడం మాత్రం ఇప్పుడెవరూ చేయడం లేదు.