లోపలి గది గుడ్డలు

"...అయితే నాకు గుడ్డలు ఆరేయడమొక్కటే వచ్చునంటావు. అంతేనా వదినా?"

"అది కూడా వచ్చని నేననలేదే!"

బుల్లి చేతిలో ఉన్న గుడ్డని నేలకేసి కొట్టబోయి ఆగింది. కింద పూత తడిగా ఉంది. అంత కోపంలోనూ చెయ్యి ఆగిందంటే పని ఒంటబట్టినట్టే. వదిన అది చూసింది కానీ పైకి అనలేదు.

ఇద్దరూ టీచర్ గారి ఫ్లాట్‌లో, లోపలి పడకగదిలో మోకాళ్ల మీద ఉన్నారు. టేకు చెక్క నేల. మొన్న మెషీన్‌తో పాత పూత గీకేశారు, నిన్నంతా దుమ్ము తీశారు, ఇవాళ నూనె పూత. నూనె పట్టించడం వదిన పని. చెక్క తాగగా మిగిలింది గుడ్డలతో తుడవడం, ఇంటికెళ్ళాక ఆ గుడ్డల్ని డాబా మీద తీగకి ఒక్కొక్కటిగా ఆరేయడం ఆడపడుచు బుల్లి పని.

గొడవ డాక్టర్ గారి ఇంటి గురించి. సోమవారం అక్కడ పని మొదలవుతుంది. దాన్ని తనొక్కతే చేస్తానంటుంది బుల్లి.

"డాక్టర్ గారు అడిగింది నన్ను."

"ఫోనెత్తావు కాబట్టి నిన్నడిగారు. వాచ్‌మన్ ఎత్తితే వాచ్‌మన్‌నే అడిగేవారు."

"ఎన్నాళ్లని నీ వెనకాల గుడ్డలు మొయ్యను?"

"గుడ్డంటే భయం తెలిసేదాకా."

"తెలీకేం! కుప్పగా పెడితే అంటుకుంటాయి. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"చెప్పడానికేం, రేడియో కూడా చెబుతుంది. ఇటివ్వు. ఈ గదివి నేనే చూసుకుంటా." వదిన గుడ్డలన్నీ లాక్కుని ప్లాస్టిక్ సంచిలో కుక్కింది. నేల మీద పెడితే మచ్చ పడుతుంది. గుమ్మం పక్కనే ఉన్న గోడ బీరువా తెరిచి, వెళ్ళేటప్పుడు తీసుకుందామని కింది అరలో పెట్టి తలుపు మూసింది.

గది చివరి నుంచి గుమ్మం వైపు, అక్కడి నుంచి హాల్లోకి, వెనక్కి జరుగుతూ పూత వేసుకొచ్చారు.

అపార్ట్‌మెంట్లలో వదినని నేలచూపులావిడ అంటారు. ఎవరింటికెళ్ళినా ముందు నేలని చూసి, తర్వాతే మనిషి ముఖం చూస్తుంది. పెళ్లి చూపుల్లో కూడా తన ముఖం చూడకుండా గడప చెక్క చూస్తూ కూర్చుందని భర్త ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఈ పని ఆమెకి పుట్టింటి నుంచి వచ్చింది. నాన్న చెక్క పనివాడు. ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన ఆయన తిరిగి వెళ్ళేసరికి పని చేసుకునే షెడ్డు కాలి బూడిదైంది. అగ్గిపుల్ల గీసిన వాళ్ళు లేరు, కరెంటు తీగ తెగలేదు. మూలన నూనె గుడ్డల కుప్ప ఉండేది, అంతే. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. విడిగా పరిస్తే గాలికి పోతుంది. ముద్దగా ఉంటే లోలోపలే పెరిగి నిప్పవుతుంది.

అందుకే పని ముగిశాక ఇంటివాళ్ళకి ఎన్ని చెప్పినా ఆమెకి చాలదు. తడిగుడ్డతో తుడవకండి, పిండిన గుడ్డతో తుడవండి. కుర్చీ కాళ్ల కింద మెత్తని గుడ్డముక్కలు అంటించండి. గుమ్మం ముందు పట్టా వెయ్యండి, చెప్పుల ఇసుకని మించిన శత్రువు లేదు. పూత ఆరేదాకా మాత్రం దేవుడొచ్చినా గడప బయటే నిలబెట్టండి. ఆ మాట మీదే టీచర్ గారు వేరే ఊళ్ళో ఉన్న అక్కగారింటికి వెళ్ళారు. తాళంచెవి తాడుకి కట్టి వదిన మెళ్ళో వేసుకుంది.

మధ్యాహ్నం దాటాక హాలు గుమ్మం దగ్గర చివరి పలక పూర్తిచేసి, వీధి తలుపుకి తాళం వేసి, బుల్లి స్కూటర్ మీద ఇంటికొచ్చారు. వదిన డబ్బాలు కడుగుతోంది. బుల్లి డాబా మీదికెళ్ళి హాలు గుడ్డలు ఆరేస్తూ పిట్టగోడ మీంచి కిందికి వంగింది.

"వదినా! ఇవేనా? లోపలి గదివి కూడా పంపు, తీగ ఖాళీగా ఉంది."

వదిన చేతిలో డబ్బా వదిలేసి మెళ్ళోని తాళంచెవి తాడు తడుముకుంది.

"వదినా?"

"బండి తియ్యి," అంది వదిన. బుల్లి చేతిలో గుడ్డ తీగ మీద పడేసి మెట్లు రెండేసి చొప్పున దిగింది.

దారిలో వెనక కూర్చున్న వదినే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

"టీచర్ గారి తలుపు దగ్గరికెళ్ళి వాసన చూడు బాబూ."

"చూసేదేముందమ్మా, మెట్ల దాకా వస్తోంది. మీరు కొట్టిందే కదా?"

"నూనె వాసన కాదు. మాడు వాసన. చూసి, ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యి. కింద ఫ్లాట్ వాళ్ళని బయటికి రమ్మను."

"పెద్దాయన్నా? ఆయన మంచం దిగలేరు కదమ్మా!"

ఆయన సంగతి ఆమెకి తెలుసు. మొన్న మెషీన్ పెట్టే ముందు తనే వెళ్ళి, చప్పుడవుతుంది, ఏమనుకోకండి తాతగారూ అని చెప్పొచ్చింది. పర్లేదమ్మా, చప్పుడుంటే తోడుంటుంది అన్నారాయన.

సిగ్నల్ దగ్గర ఎర్రలైటు. బుల్లి ఒక కాలు కింద పెట్టి లైటుకేసి చూస్తోంది.

"పోనియ్యి," అంది వదిన.

"బస్సొస్తోంది."

"అయితే ఆగు." బుల్లి భుజాన్ని పట్టుకున్న ఆమె పట్టు లైటు మారాక కూడా సడల్లేదు.

వాచ్‌మన్ బకెట్‌తో నీళ్ళు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. "ఇంజన్ బయల్దేరిందంట. పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని దింపుతున్నారు." వదిన తాడు తల మీంచి తీసి తాళం తీసింది.

హాలు అద్దంలా ఉంది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పలకల మీద చివరిదాకా పరుచుకుంది. ఒక్క గీత లేదు, ఒక్క నలుసు లేదు. ఆ చివర పడకగది తలుపు పైనుంచి పల్చటి పొగ బయటికొస్తోంది.

వదిన గడప మీద ఆగిపోయింది. కాలు లేవలేదు. ఇన్నేళ్ళుగా ఎవర్నీ దాటనివ్వని గడప.

బుల్లి అలవాటుకొద్దీ చెప్పులు విప్పబోయింది.

"వేసుకునే పో!" అని అరిచింది వదిన.

బుల్లి పరిగెత్తింది. మధ్యలో జారి మోకాలు, అరచెయ్యి ఆనించి లేచింది. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని పడకగదిలోకి వెళ్ళి బీరువా తలుపు లాగింది. గాలి తగలగానే కరిగిన సంచిలోంచి చిన్న నాలుకలా మంట లేచింది.

"వదినా!"

అప్పటికే వదిన వాచ్‌మన్ చేతిలో బకెట్ లాక్కుని హాలు మధ్యలో ఉంది. ఎటు అడుగు పడుతోందో చూసుకోలేదు. బుల్లిని పక్కకి తోసి, నీళ్ళన్నీ అరలోకి కుమ్మరించింది. బుస్సుమని పొగ గదంతా కమ్మింది. బుల్లి దగ్గుతూనే కిటికీ తెరిచింది. వాచ్‌మన్ ఇంకో బకెట్ తెచ్చాడు. వదిన ఆ ముద్దని చేతికందిన కర్రతో అందులోకి లాగి, నీళ్ళలో నొక్కి పట్టుకుంది. బుడగలు ఆగాక కూడా వదల్లేదు.

అర నల్లబడింది. బీరువా తలుపు లోపలివైపు పొంగింది. అంతకు మించి పోలేదు. ఫైరింజన్ వాళ్ళొచ్చి, బీరువా వెనక గోడ తడిమి చూసి, ఇక భయం లేదన్నారు.

వాళ్ళు వెళ్ళాక వాచ్‌మన్ హాలు చూసి నాలిక్కరుచుకున్నాడు. అటూ ఇటూ చెప్పుల, బూట్ల గుర్తులు, ఒక మోకాలి మచ్చ, అయిదు వేళ్ళతో సహా ఒక అరచెయ్యి. "అయ్యో, పనంతా పోయిందే!"

"నువ్వు కాసేపు కిందికెళ్ళు బాబాయ్," అంది బుల్లి. అతను వెళ్ళాక గొంతు తగ్గించింది. "రేపు పొద్దున్నే గీకి, మళ్ళీ పూత వేద్దాం వదినా. అర కూడా రంగేసేద్దాం. టీచర్ గారికి తెలిసేలోపు..."

వదిన ఫోన్ చేస్తోంది.

"టీచర్ గారూ, నేనేనండి. ఇల్లు బాగానే ఉంది, ముందు అది వినండి... లేదండి, ఎవరికీ ఏమీ కాలేదు. నూనె గుడ్డలు మీ బీరువాలో మర్చిపోయాను. అంటుకున్నాయి... ఆ అమ్మాయి కాదండి. నేనే. ఆ అమ్మాయే అడిగింది, గుడ్డలేవని."

అవతల టీచర్ గారు చాలాసేపు మాట్లాడారు. వదిన "అవునండి" అంది, "మీరనడంలో తప్పు లేదండి" అంది. ఫోన్ పెట్టేశాక గోడకి ఆనుకుని కూర్చుంది. బుల్లి పక్కనే కూర్చుంది.

"తిట్టారా?"

"తిట్టారు."

"ఇంకెవరినైనా పెట్టుకుంటారా?"

"మనల్నే మళ్ళీ చెయ్యమన్నారు. ఈసారి గుడ్డలు ఎవరు చూస్తారో చెప్పి చెయ్యమన్నారు."

బుల్లి తన అరచేతి గుర్తుకేసి చూసింది. వదిన తాళంచెవి తాడు ఆమె ఒళ్ళో పెట్టింది.

"రేపు దీన్ని మొదట్నుంచీ గీకుదాం. పూత నువ్వు వేస్తావు, గుడ్డలు నేను ఆరేస్తాను. సోమవారం డాక్టర్ గారింట్లో కూడా అంతే."