ఆలోచించే హంస

పలాస స్టేషను బయట హంస కారు పెట్టుకుని కూర్చునే మన్మథరావుకి ఉన్న జబ్బు ఒక్కటే. తన బండి చెడిపోయిందంటే చచ్చినా ఒప్పుకోడు. నడి ఎండలో, నీడన్నది లేని రోడ్డు మీద, బండి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయినా సరే. తీరిగ్గా దిగేవాడు. బానెట్ ఎత్తి, లోపల చెవి పెట్టి కాసేపు వినేవాడు. తర్వాత వెనక్కి తిరిగి, లోపల పిల్ల పడుకుంది గొడవ చెయ్యకండి అన్నంత మెల్లగా చెప్పేవాడు.

"ఆగిపోనేదు బాబూ. ఆలోసిత్తంది."

ఈ మాట అందరికన్నా ఎక్కువసార్లు విన్నవాడు రమణమూర్తి. టెక్కలిలో ఓ ఎస్టేటు కచేరీలో గుమాస్తా. కచేరీ పనిమీద పలాస పక్కనున్న ఉద్దానం ఊళ్ళన్నీ తిరగడం అతని రాత, అందుకు కచేరీ వాళ్ళు మాట్లాడి పెట్టిన బండి ఈ హంస కావడం అతని తలరాత. పాతికేళ్ళ వయసుకే అతని ముఖంలో పెన్షను పుచ్చుకునేవాడి అలసట కనిపించేది. అందులో సగం హంస తెచ్చిపెట్టిందేనని అతని నమ్మకం. మిగతా సగం సంగతి అమ్మ ఇంట్లో ఉండగా పైకి అనేవాడు కాదు.

హంస అసలు పేరు రాయల్ స్వాన్. బానెట్ కొసన ఇత్తడి హంస ఉండేది కనక మనవాళ్ళకి హంస అయింది. ఇంగ్లండు వాళ్ళు దాన్ని తమ జెండాతో సమానంగా చూసుకునేవారట. పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో ఈ జిల్లాలో కారంటే హంసే. కలెక్టరు హంసలో వచ్చేవాడు. మిషను డాక్టరు హంసలో వచ్చేవాడు. జమీందార్ల పెళ్ళికొడుకులు గుర్రం దిగి హంస ఎక్కారు. ఆ తర్వాత అమెరికా కార్లు చవగ్గా, తేలిగ్గా, గోలగోలగా దిగాయి. హంసలు ఒక్కొక్కటీ గడ్డివాముల పక్కకి చేరి, వాటిలో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. చివరికి పలాసలో మన్మథరావుది ఒక్కటే మిగిలింది. దాని ఇత్తడి హంసకి ముక్కు కూడా లేదు.

"ముక్కు విరిగిపోయిందేం మన్మథరావూ?" అని అడిగాడు రమణమూర్తి ఓసారి.

"ఇరగనేదు బాబూ. ఇంట్లో దాసినాను. రోజులు బాగోనేవు."

పేరుకి తగ్గ అందం మన్మథరావుకి దేవుడు ఇవ్వలేదు. పొట్టిగా, నల్లగా, ఎండిన కొబ్బరిమట్టలా ఉండేవాడు. కాళ్ళకి చెప్పులు ఎరగడు. బండి ఎంత ముసలిదైతే మనిషి అంత బింకంగా కూర్చునేవాడు. ఓసారి పూండి దాటాక ఇసకలో బండి ఆలోచనలో పడితే, రమణమూర్తీ, వజ్రపుకొత్తూరు కొబ్బరిరైతు ఢిల్లేశ్వరరావూ చెమటలు కక్కుతూ దాన్ని తోశారు.

"బావా, మనం నీ కారెక్కినామా, నీ కారే మనల్ని ఎక్కినాదా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు రొప్పుతూ.

"నువ్వు తోత్తన్నావనుకుంతన్నావు బావా. దానికి కూసింత ధైర్నం సెప్తన్నావు, అంతే" అన్నాడు మన్మథరావు స్టీరింగు దగ్గర నుంచి కదలకుండా.

ఇంగ్లండులో హంస కంపెనీ మూసేశారని ఓరోజు కచేరీకి వచ్చిన పేపర్లో పడింది. పలాస వెళ్ళినప్పుడు రమణమూర్తి ఆ వార్త అతనికి స్వయంగా చెప్పాడు. ఇన్నాళ్ళు తోసిన భుజాలు కదా, చెప్పేటప్పుడు కొంచెం తృప్తిగానే ఉంది. మన్మథరావు అప్పుడు కుండతో రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు పొంగి కాళ్ళ మీదుగా కారిపోతున్నా చూసుకోలేదు. చాలాసేపటికి కుండ దించాడు.

"మూసీనేదు బాబూ. ఆలోసిత్తన్నారు" అన్నాడు.

ఆ పూట అతను అన్నం క్యారేజీ విప్పలేదు. అది చూశాక రమణమూర్తికి అనవసరంగా చెప్పాననిపించింది.

ఇంకో వింత ఉంది. ఉద్దానంలో మగవాళ్ళందరూ హంసని తిట్టేవారు, ఆడవాళ్ళందరూ వెనకేసుకొచ్చేవారు. పుట్టింటికి వచ్చిన పిల్లని అత్తారింటికి పంపాలంటే, అమెరికా కారు గుమ్మంలో నిలబడి హారను కొడుతున్నా సరే, తల్లులు దాన్ని పంపేసి హంసకి కబురు పెట్టేవారు. అలాంటి రోజుల్లోనే హంసకి ఆలోచనలు మరీ ఎక్కువ. పిల్లని ఎక్కించుకుని ఊరి పొలిమేర దాకా వెళ్ళేది, అక్కడ ఆగిపోయేది. ఆ ఊళ్ళలో పట్టింపు ఏమిటంటే, ఆడపిల్ల పొలిమేర దాటకుండా బండి ఆగితే ఆ ప్రయాణం కట్టిపెట్టాలి. వెనక్కి వెళ్ళి పుట్టింట్లో మూడు నిద్రలు చేసి, మళ్ళీ బయల్దేరాలి. రమణమూర్తి భార్య రామలక్ష్మి పుట్టిల్లు వజ్రపుకొత్తూరు. ఆమెని తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా అతను ఒంటరిగా టెక్కలి చేరి, గుమ్మంలో నిలబడి అమ్మకి సంజాయిషీ చెప్పుకునేవాడు. అందుకని హంస మీద అతని కోపానికి న్యాయం ఉంది.

ఆ వేసవిలో దివాను వైకుంఠరావుగారు రమణమూర్తిని పిలిచారు.

"ఆ ముసలి హంసని ఇంకా ఎన్నాళ్ళు మోస్తామయ్యా? బరంపురం నుంచి అమెరికా కారు వస్తానంటోంది. చివరిసారి చూద్దాం. నువ్వు దాంట్లో వజ్రపుకొత్తూరు దాకా వెళ్ళి రా. దారిలో ఎక్కడా ఆగకుండా వస్తే ఈ ఏడు కూడా కచేరీ బండి అదే. ఆగిందా, ఇంక మన గుమ్మంలోకి రానక్కర్లేదని చెప్పెయ్."

కచేరీ పని పోతే మన్మథరావుకి మిగిలేది అప్పుడప్పుడూ వచ్చే పెళ్ళి బేరాలే. వాటితో బండికి పెట్రోలే రాదు, మనిషికి అన్నం మాట తర్వాత. ఆ సంగతి అతనికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే కొత్త తలపాగాతో వచ్చాడు. బానెట్ మీది ఇత్తడి హంసని చింతపండుతో తోమాడు. దాచిన ముక్కు కూడా తెచ్చి లక్కతో అతికించాడు.

రమణమూర్తి ఎలాగూ వెళ్తున్నాడు కదా అని వాళ్ళమ్మ ఇంకో పని అంటగట్టింది. "ఊరగాయల రోజులు వచ్చాయి. కోడల్ని వెంటబెట్టుకునే రా. ఈసారి బండి ఆగిందన్నావంటే నీ భుజం మీద మోసుకురా."

ఆవేళ హంస ఆగలేదు. దగ్గనైనా దగ్గలేదు. పలాస దాటింది, మొగలి పొదల మధ్య ఇసకదారిలో కూడా గట్టి రోడ్డు మీద నడిచినట్టు నడిచింది. ముందు సీట్లో కూర్చున్న రమణమూర్తి మొదట అనుమానంగా, తర్వాత ఆశ్చర్యంగా, చివరికి కునుకు తీస్తూ వజ్రపుకొత్తూరు చేరాడు.

అత్తగారు వెంకటలక్ష్మమ్మ జ్వరం నుంచి లేచి రెండ్రోజులైంది. గోడ పట్టుకుని వీధిలోకి వచ్చింది.

"ఇంకో నాలుగు రోజులు ఉంచుకుందామని... " అంటూ మొదలుపెట్టింది.

"అమ్మ ఊరగాయలు పెట్టాలంటోందండీ" అన్నాడు రమణమూర్తి. అనేటప్పుడు అతనికే ఆ మాట చిన్నదిగా వినిపించింది. కాని అలసిపోయి ఉన్నాడు. ఇంకోసారి ఒంటరిగా వెళ్ళి అమ్మ ముందు నిలబడే ఓపిక అతనికి లేదు.

వెంకటలక్ష్మమ్మ లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. పనసకాయలూ కొబ్బరికాయలూ వెనక ఎక్కించారు. రామలక్ష్మి వాటి మధ్య ఒదిగి కూర్చుంది. వెంకటలక్ష్మమ్మ కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. మన్మథరావు హాండిలు తిప్పి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. అతను ఆ చేతికేసి చూశాడు. ముందున్న హంసకేసి, దాని కొత్త ముక్కుకేసి చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు.

"సెయ్యి తియ్యండమ్మా. ఎల్లొత్తాం" అన్నాడు.

బండి కదిలింది. కుదుపుకి రమణమూర్తి ఒళ్ళో గొడుగు జారి కింద పడితే వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. మన్మథరావు కాళ్ళ దగ్గర పెట్రోలు కుళాయి ఉంది. కారంతా చిలుము పట్టి ఉంటే ఆ కుళాయి పిడి ఒక్కటీ బంగారంలా మెరుస్తోంది. ఎడమకాలి బొటనవేలు దాన్ని మెత్తగా, ఎంతో అలవాటుగా, అడ్డంగా తిప్పేసింది.

గొట్టంలో మిగిలిన పెట్రోలు సరిగ్గా పొలిమేర రాయి దాకా సరిపోయింది.

"అయ్యయ్యో, ఆగిపోనాదా! దిగమ్మా దిగు, మూడు నిద్దర్లు సేసి ఎల్దువుగాని!" అంటూ అత్తగారి పక్కింటి నూకమ్మ బండి వెనకే పరుగెత్తుకొచ్చింది. రమణమూర్తి తర్వాత ఆలోచించుకుంటే, ఆవిడ ఆ కేక వేసేటప్పటికి బండి ఇంకా కదులుతూనే ఉంది.

మన్మథరావు బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. ఈసారి రమణమూర్తి కళ్ళలోకి చూడకుండా చెప్పాడు.

"ఆలోసిత్తంది బాబూ."

రమణమూర్తి నోరు తెరిచాడు. అప్పటికే రామలక్ష్మి దిగిపోయింది. చెంగు బొడ్లో దోపి, ఇసకలో కాళ్ళు దిగబడుతుంటే, ఇంటికేసి పరుగెత్తుతోంది. పెళ్ళయిన రెండేళ్ళలో భార్య పరుగెత్తడం అతను చూడలేదు. టెక్కలి ఇంట్లో ఆమె గోడవారగా, గాజులు చప్పుడు కాకుండా నడిచేది. ఈ మనిషికి పరుగు వచ్చునని అతనికి ఇవాళే తెలిసింది. నోరు మూసుకుని బండి ఎక్కాడు.

ఆడపిల్ల దిగిపోయిన హంస ఒక్క తిప్పుకే లేచింది. మొగలి పొదలు దాటాక రమణమూర్తి నోరు విప్పాడు.

"నీ కాలివేలు చూశాను మన్మథరావూ."

మన్మథరావు గతుక్కుమన్నాడు. కాలు వెనక్కి లాక్కున్నాడు. కాసేపటికి నవ్వు లాంటిది వచ్చింది.

"దొరికిపోనానన్నమాట. ఏటి సేత్తాను బాబూ. మొదట్లో ఓపాలి నిజంగానే ఆగి... నిజంగానే ఆలోసించీసింది. అక్కుపల్లి పిల్ల. దిగి ఇంటికి పరిగెట్టినాది సూడండి, మూట కూడా ఒగ్గీసి! ఇన్నేళ్ళు కలకటేర్లని మోసినాను, జమిందార్లని మోసినాను. నేను బండి నడిపితే ఎవుడూ అంత సంతోసపడనేదు. ఆపితే పడినాది."

"ఊరూరా హంసని తిడుతున్నారు కదయ్యా! నీకు బాధ లేదా?"

"ఎందుకుండదు?" మన్మథరావు స్టీరింగు మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. "నిచ్చేపంలాటి బండి. దీనికేటీ జబ్బు నేదు బాబూ. సగం పాపం నా బొటనేలిది. ఆ కంపినీవోడు ఎప్పుడన్నా అగుపడితే కాళ్ళమీద పడిపోతాను. నీ పేరు నేనే పాడుసేసినానని సెప్తాను."

"మరి ఇవాళ సంగతి తెలుసు కదా. ఇవాళ కూడా ఎందుకు తిప్పావు?"

"తిప్పకూడదనే వచ్చినాను. అమ్మగారు తలుపు ఒగ్గనేదు కద." కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు. "దివానుగారికి ఆగిందనే సెప్పీయండి. నాకోసం మీరు అబద్దాలాడకండి."

టెక్కలి చేరేసరికి కచేరీలో దీపాలు వెలిగిస్తున్నారు. మన్మథరావు తలపాగా తీసి చేత్తో పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఆగిందా?" అన్నారు దివాను.

"బండి ఆగలేదండి" అన్నాడు రమణమూర్తి. "నేనే ఆపాను. మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు. మా ఆవిడని ఇంకో మూడు రోజులు అక్కడే ఉంచి వచ్చాను."

దివాను కళ్ళజోడు పైనుంచి చూశారు. వాళ్ళమ్మ సంగతి టెక్కలిలో తెలియనివాళ్ళు లేరు.

"మీ అమ్మగారితో చెప్పావా?"

"ఇంకా లేదండి."

"గట్టివాడివే. సరే, ఈ ఏడు కూడా హంసనే కానీ." కాగితాలు సర్దుకుంటూ ఆయన గొణిగారు. "ఎల్లుండి మా అమ్మాయి అత్తారింటికి బయల్దేరుతోంది. అమెరికా కారు మాట్లాడతానంటే మా ఆవిడ వినదు. హంసే కావాలని పట్టు. ఆ డొక్కులో ఏముందయ్యా?"

"ఏమోనండి. ఆడవాళ్ళకి బండ్ల సంగతి బాగా తెలుసు" అన్నాడు రమణమూర్తి.

బయటికి వచ్చి మన్మథరావుకి తల ఊపాడు. మన్మథరావు తలపాగా చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత రమణమూర్తిని ఇంటి దాకా ఎక్కించుకుని, ఏ ఆలోచనా లేకుండా తీసుకెళ్ళి దింపాడు.

వాకిట్లో మామిడికాయల గంప సిద్ధంగా ఉంది. రమణమూర్తి వీధి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కాలు లోపలికి పడలేదు. లోపల్నుంచి వాళ్ళమ్మ అతని ఒక్కడి నీడే చూసి గొంతు పెంచింది.

"ఒక్కడివే వచ్చావా? ఏమిట్రా అక్కడే ఆగిపోయావు?"

"ఆగిపోలేదమ్మా" అన్నాడు రమణమూర్తి. "ఆలోచిస్తున్నాను."